జిబూటీ మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. ఆఫ్రికాలోని జిబూటీ మీద ప్రాజెక్టు రాస్తూ, అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ చేస్తానంటోంది. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినడం లేదు. ఈ చదువుకు భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: మీ ఆందోళన న్యాయమైనదే. కానీ మీ అమ్మాయి మంచి దేశాన్నే పట్టుకుంది. విడిపోకముందు మన విశాఖ జిల్లా ఎంతో, జిబూటీ దానికి సుమారు రెండింతలు, అంతే. పంటలు పండని నేల. దాని ఆస్తి అంతా ఎర్ర సముద్రపు ముఖద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి ఒడ్డున ఉండటమే. హిందూ మహాసముద్రం నుంచి సూయెజ్ కాలువకు వెళ్లే ఓడలు ఆ ఇరుకు దాటాల్సిందే. అందుకే అమెరికా, ఫ్రాన్స్, జపాన్ అక్కడ సైనిక స్థావరాలు పెట్టుకున్నాయి. 2017లో చైనా తన తొలి విదేశీ స్థావరాన్నీ అక్కడే తెరిచింది. పోటీపడే రెండు పెద్ద దేశాల దగ్గరా అద్దె తీసుకుంటూ, ఇద్దరికీ దూరం కాకుండా నెట్టుకురావడం తేలిక కాదు. తీరం లేని ఇథియోపియా సరుకు కూడా ఎక్కువగా ఆ రేవు మీదుగానే వెళ్తుంది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాకు వేసిన రైలు మార్గానికి చైనా దగ్గర చేసిన అప్పు మాత్రం మెడకు చుట్టుకుంది.

మనకూ ఆ రేవు అక్కరకొచ్చింది. 2015లో యెమెన్ యుద్ధంలో చిక్కుకున్న మనవాళ్లను మన నౌకాదళ ఓడ ఐఎన్‌ఎస్ సుమిత్ర అక్కడి ఏడెన్ రేవు నుంచి చేర్చింది జిబూటీకే.

ఇక ఉద్యోగం. ఎంఏ పట్టా ఒక్కటే చాలదు, ఇది ఆమెకు గట్టిగా చెప్పండి. జిబూటీ అధికార భాషలు ఫ్రెంచ్, అరబిక్. వాటిలో ఒకటి ఈ ఏడాదే మొదలుపెట్టాలి. జేఎన్‌యూ ఎంఏ కోసం సీయూఈటీ పీజీ (విశ్వవిద్యాలయాల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలి. సివిల్స్‌లో ఈ సబ్జెక్టు జనరల్ స్టడీస్ రెండో పేపరులో ఉంది, రాజనీతి శాస్త్రంతో కలిపి ఐచ్ఛికంగానూ తీసుకోవచ్చు. ఓడల కంపెనీలు, సముద్ర బీమా సంస్థలు కూడా ఉన్నాయి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద యెమెన్‌కు చెందిన హూతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలయ్యాక ఎన్నో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, కిరాయిలు పెరిగాయి. ఆ లెక్క అర్థమయ్యేవాళ్లు ఈ కంపెనీలకు కావాలి. బ్యాంకు పరీక్ష కూడా రాయనివ్వండి, కానీ దానికోసం ఇది మానిపించకండి.

ఒక సాయంత్రం ఆమెతో బీచ్ రోడ్డుకు వెళ్లండి. లంగరు వేసి రేవులో చోటు కోసం చూస్తున్న ఓడల్లో ఒకదాని పేరు ఫోనులో వెతికి, ఏ దారిలో వచ్చిందో, ఎర్ర సముద్రం మూసుకుపోతే దాని సరుకు ఏమవుతుందో రెండు పేజీలు రాయమనండి. అవి నాకు పంపండి, చదివి జవాబు రాస్తాను.