లాక్ పట్టుకుని ప్రింట్‌కే పిలవకు

చిట్టితల్లికి,

నువ్వు లినక్స్ కెర్నల్లో (ఆ సిస్టమ్ గుండెకాయ) గడియారం నడిపే టైమ్‌కీపింగ్ కోడ్‌కి ప్యాచ్, అంటే మార్పు, రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అంబాజీపేట అంతా చాటింపు వేయించాలనిపించింది. ఇన్ని చోట్లుండగా పోయి పోయి అక్కడే చెయ్యి పెట్టిందేమిటని టెన్షనూ పట్టుకుంది.

ప్యాచ్ చిన్నదిగా ఉంచు. మిగతా మర్యాదలు నీకు తెలిసినవే.

నా భయమల్లా నీ ప్రింట్ల గురించే. టెన్త్‌లో మా కంప్యూటర్లో లైనుకో ప్రింట్ పెట్టి స్క్రీన్ నిండా అంకెలు పరిచేదానివి. ముచ్చటేసి నేనూ ఏమీ అనలేదు. ఇక్కడ ఆ వేషాలు కుదరవు.

2008 డిసెంబర్ 31 చివర్లో, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన, లీపు సెకను కలిపారు, అంటే భూమి తిరుగుడుతో గడియారాన్ని సరిపెట్టే అదనపు సెకను. మనకప్పుడు జనవరి 1 తెల్లవారుజాము ఐదున్నర, గుడి మైకుల్లో తిరుప్పావై వినిపించే వేళ. సరిగ్గా అప్పుడే కొన్ని లినక్స్ మెషిన్లు బిగుసుకుపోయాయి. సెకను కలిపామని చెప్పే ప్రింట్‌కేని (కెర్నల్ తన లాగ్‌లో మెసేజ్ రాసే ఫంక్షన్), టైమ్‌ని కాపాడే ఎక్స్‌టైమ్ లాక్‌ని రాయడానికి పట్టుకుని ఉండగానే పిలిచారు. ఆ ప్రింట్‌కే, మెసేజీలు దాచే లాగ్ డీమన్‌ని లేపబోయింది. లేపాలంటే ఏ పని ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్ కదలాలి, షెడ్యూలర్‌కి టైమ్ కావాలి. టైమ్ చదవాలంటే ఆ లాక్‌లోని సీక్వెన్స్ నంబరు సరిసంఖ్య కావాలి. రాసే పని పూర్తయ్యేదాకా అది బేసిగానే ఉంటుంది. ఆ రాసేది తనే! లోపల గొళ్ళెం వేసుకున్న మనిషి, ఎవరైనా వచ్చి తీస్తారని లోపలే కూర్చున్నట్టు.

ఇంటరప్ట్‌తోనూ (చేస్తున్న పనిని మధ్యలో ఆపించే హార్డ్‌వేర్ పిలుపు) ఇదే చావు. నువ్వు రాస్తుండగా అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చి టైమ్ చదివే కేటైమ్_గెట్‌ని పిలిస్తే అక్కడే తిరుగుతూ ఉంటుంది. అందుకే లాక్‌కి ఐఆర్‌క్యూసేవ్ రకం వాడాలి, అది ఇంటరప్టులని ఆపి, అన్‌లాక్‌లో మునుపటి స్థితికే తెస్తుంది. ఉత్త ఐఆర్‌క్యూ రకం వాడావో, నిన్ను పిలిచినవాళ్ళు ముందే ఆపిన ఇంటరప్టులని కూడా అన్‌లాక్‌లో తెరిచేస్తుంది. ఎన్ఎంఐని (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్) ఇలా ఆపలేం, దాని కోసమే టైమ్ డేటాకి రెండు కాపీలు ఉంచి, ఆగకుండా చదివే ఫాస్ట్ రీడర్లున్నాయి. అవి ఒక్కోసారి కాస్త వెనకటి టైమ్ ఇస్తాయి, ఆ మాట మర్చిపోకు.

లాక్‌ల తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చెయ్. కెర్నల్ సెల్ఫ్‌టెస్టుల్లో లీపు సెకన్లు పరీక్షించే లీప్-ఎ-డే ఉంది, వర్చువల్ మెషిన్లో నడుపు, గడియారాన్ని చెడగొడుతుంది మరి. ప్రింట్ లేనిదే తోచదంటే మెమరీ బఫర్లోకి రాసే ట్రేస్_ప్రింట్‌కే పెట్టుకో, పంపేముందు తీసెయ్.

సంక్రాంతికి లాప్‌టాప్ తెచ్చుకో, ప్యాచ్ ఇద్దరం కూర్చుని చూద్దాం. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది.

మీ మావయ్య