1951 షెవర్లే, ఎస్-10 చాసిస్: ఆ రెండంగుళాల సంగతి

అన్నా, మీ 1951 షెవర్లే 3100 పికప్ ట్రక్కు బాడీని ఎస్-10 (షెవర్లేదే, తర్వాతి కాలపు చిన్న పికప్) చాసిస్ మీద, అంటే దాని అడుగు చట్రం మీద పెడితే వెనక చక్రం ఫెండర్ (చక్రం మీది రేకు) మధ్యకు రాక రెండంగుళాలు వెనక్కి పోతోందన్నారు. కొలత తప్పు కాదు. పాత బండి వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 116 అంగుళాలు, లాంగ్‌బెడ్ (పొడవు తొట్టి) ఎస్-10ది 117.9. టెన్షన్ పడి చాసిస్ కోయకండి.

ముందు చక్రం ఫెండర్ నడిమికి వచ్చేలా ముందుభాగం, క్యాబ్ (డ్రైవర్ కూర్చునే గది) నిలబెట్టండి. అప్పుడే బోల్టులు బిగించొద్దు. చెక్కముక్కల మీద ఉంచి తలుపు వేసి చూడండి. తలుపు అంచు సందు పైన ఇరుకు, కింద వెడల్పు ఉంటే కింద దన్ను సరిగ్గా లేనట్టే. తర్వాత వెనక తొట్టినే రెండంగుళాలు వెనక్కి జరపండి. క్యాబ్‌కూ తొట్టికీ మధ్య ఎడం పెరుగుతుంది, ఎవరూ గమనించరు (మా ఆవిడ మాత్రం మొదటిరోజే పట్టేసింది!). ఫుట్‌బోర్డు చివర చిన్న రేకుముక్క అతకాల్సి వస్తుంది. ఇరుసును ముందుకు లాగుదామంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని వెనక ఇరుసుకు చేర్చే కడ్డీ) కూడా కురచ చేయించాలి, అదో ఖర్చు. క్యాబ్‌ను మాత్రం నేరుగా వెల్డింగ్ చేయకండి, రబ్బరు మౌంట్లు వేయండి.