పంచాయతీ గుట్ట మీది కంపను తగలబెట్టించవచ్చా? మా ఊరి అనుభవం

ఊరిని ఆనుకుని ఉన్న గుట్ట పోరంబోకు నిండా లాంటానా అనే ముళ్ళపొద, సర్కారు తుమ్మ అల్లుకుపోయాయనీ, ఏటా ఎండాకాలంలో అక్కడ నిప్పు రేగుతోందనీ, అడవి పందులు ఆ కంపలోనే మకాం వేసి వేరుశనగ చేలను తవ్విపోస్తున్నాయనీ, కాబట్టి మార్చిలో ఒకసారి మొత్తం తగలబెట్టించాలని పంచాయతీలో అనుకుంటున్నామనీ మీరు రాశారు. దయచేసి ఆ పని చేయించకండి. నాది నల్లమల అంచున ఉన్న ఊరు. అడవిని కాపాడే ఊరివాళ్ళ సంఘమైన వన సంరక్షణ సమితిలో పదకొండేళ్ళు పనిచేశాను. మీరు చేయాలనుకుంటున్న పనినే మేమూ ఒకసారి చేసి చూశాం.

ఆ ఏడాది శివరాత్రి వెళ్ళిన రెండో వారంలో, గాలి లేని వేళ చూసుకుని తెల్లవారుజామునే కంపకు నిప్పు పెట్టాం. పొద్దెక్కేసరికి గాలి తిరిగింది. గుట్ట పైభాగమంతా ఎండిన బోద గడ్డి ఉండటంతో మంట మా చేతుల్లో నుంచి జారిపోయింది. ఒట్టి గడ్డి తగలబడితే మంట నేల బారున పోతుంది కనుక ముదురు చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. చెట్టు కింద లాంటానా ఉంటే మాత్రం మంట దాన్ని పట్టుకుని పై కొమ్మల దాకా ఎక్కుతుంది. తంగేడు మండలతో చీకటిపడేవరకు కొట్టి ఆర్పాం గానీ, అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న నల్లమద్ది, ఇప్ప మొక్కలు అన్నీ మాడిపోయాయి. ఆ మొక్కలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అంతకంటే బాధ కలిగించినది జులైలో చూసినది. కాలిన ప్రతి లాంటానా మోడు చుట్టూ ఆరేడు కొత్త చిగుళ్ళు వచ్చాయి. ఒక్కో పొద ఉన్నచోట గుబురు తయారైంది, గడ్డి మాత్రం లేవలేదు. దసరా నాటికి పందులు మళ్ళీ అక్కడికే చేరాయి. కంప, కార్చిచ్చు, పందులు మూడు వేర్వేరు సమస్యలు కావని మాకు అప్పుడు అర్థమైంది. కంపే మంటకు మేత, కంపే పందికి గూడు, ఆ కంపకు బలమిచ్చేది మనం పెట్టే నిప్పు.

లాంటానాను తీయడానికి ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన ఒక పద్ధతి ఉంది, మాకు పనికివచ్చింది అదే. తొలకరి తర్వాత నేల మెత్తబడినప్పుడు, కాయలు నల్లబడకముందే మొదలుపెట్టాలి. ఒకరు పొదను వెనక్కి వంచి పట్టుకుంటే, రెండోవారు మొదలు చుట్టూ గునపంతో మట్టి తీయాలి. కాండం, వేరు కలిసే చోట కాస్త ఉబ్బుగా కనిపిస్తుంది. మళ్ళీ చిగురు పుట్టేది అక్కడి నుంచే. దానికి రెండు మూడు అంగుళాల దిగువన తల్లివేరును నరికి, పొదను తలకిందులుగా నిలబెట్టి వదిలేస్తే కొమ్మలు నేలలో మళ్ళీ వేళ్ళూనుకోకుండా ఎండిపోతాయి. ఇంతటితో పని పూర్తయిందనుకోవద్దు. గోరింకలు, పిగిలి పిట్టలు కాయలు తిని కొమ్మల మీద వాలి రెట్టలు వేస్తాయి కనుక, పెద్ద చెట్ల కింద ప్రతి వానాకాలం మొలకలు లేస్తాయి. కనీసం రెండు మూడేళ్ళు వాటిని చేత్తో పీకించాలి.

ఖాళీ అయిన నేలను అలాగే వదిలితే వయ్యారిభామ కలుపు వచ్చి కూర్చుంటుంది, మా దగ్గర అదే జరిగింది. దాన్ని తినే మెక్సికన్ పెంకు పురుగులను 1984లో బెంగళూరులో వదిలారు గానీ, వాటి మీదే భారం వేస్తే లాభం లేదు. పూత రాకముందే చేతులకు గుడ్డ చుట్టుకుని పీకాలి, లేకపోతే ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది. అదే గుట్ట మీది మంచి గడ్డి గింజలను దులిపి తెచ్చి మరుసటి ఏడు తొలివానకు ముందు చల్లండి. సర్కారు తుమ్మను పైపైన నరికితే మళ్ళీ లేస్తుంది, వేరుతో సహా పెకలించాల్సిందే.

నిప్పు విషయంలో, గడ్డి ఎండుముఖం పట్టగానే గుట్ట చుట్టూ ఫైర్ లైన్ తీయించండి. మేము నాలుగు మీటర్ల వెడల్పున గడ్డి, ఆకులు చెక్కించి శుభ్రం చేయించేవాళ్ళం. నిప్పు ఊరికే పుట్టదు. లేత గడ్డి కోసం కాపరులు, ఇప్ప పూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చేవారు, ఆర్పకుండా పారేసిన బీడీ, ఇవే మా గుట్టకు నిప్పు తెచ్చాయి. వాళ్ళను తిట్టడం కంటే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడటం మేలు. మా దగ్గర మంటను ముందుగా పసిగట్టి ఫోన్ చేసినవారు చెంచులు, మేకల కాపరులే. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల సాయంతో సెల్‌ఫోన్లకు నిప్పు హెచ్చరికలు పంపుతుంది, అందులో తప్పక నమోదు చేసుకోండి. అయితే ఉపగ్రహం పైనుంచి వెళ్ళే సమయానికి చిన్న మంట కనబడకపోవచ్చు, కాపరి కన్ను మాత్రం అక్కడే ఉంటుంది.

పందుల గురించి ఒక్క జాగ్రత్త చెబుతాను. కంపను ఒకేసారి తీయించకండి. చేల వైపు నుంచి మొదలుపెట్టి పట్టీలు పట్టీలుగా అడవి వైపు జరగండి, అప్పుడు పందులు పైరు మీదికి రాకుండా వెనక్కి వెళ్తాయి. రబీ వేరుశనగ చుట్టూ నాలుగు సాళ్ళ కుసుమ వేస్తే ఆ ముళ్ళకు, వాసనకు అవి కొంత వెనకాడతాయి. కంచెకు కరెంటు తీగ మాత్రం కలపవద్దు. మా పొరుగూరిలో రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన ఒక కౌలు రైతు అలాంటి తీగ తగిలే పోయాడు.

పని మొదలుపెట్టే ముందు ఆ గుట్టలో ఎంత భాగం పంచాయతీదో, ఎంత రిజర్వు అడవిదో సర్వే నంబరుతో చూసుకోండి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం, అక్కడ కంప తీయాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. గుట్ట విస్తీర్ణం, చేలు ఏ దిక్కున ఉన్నాయో రాస్తే, మొదటి పట్టీ ఎక్కడ తీయాలో చెబుతాను.