గెలిచిన రాత్రే మేనేజర్‌కు ఉద్వాసన ఎందుకు?

2008లో న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు, మ్యాచ్ గెలిచిన రాత్రే మేనేజర్ విల్లీ రాండాల్ఫ్‌ను ఎందుకు తీసేసిందని అడిగారు. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే ఆఫీసు ఉద్యోగి కాదు. ఎవరు ఆడాలో, బంతి విసిరే పిచ్చర్‌ను ఎప్పుడు మార్చాలో తేల్చేది ఆయనే.

అసలు కారణం ఆ మ్యాచ్ కాదు. 2007 సెప్టెంబరులో ఇంకా 17 మ్యాచ్‌లుండగా మెట్స్ 7 మ్యాచ్‌ల ఆధిక్యంలో ఉండి కూడా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఆ మచ్చ పోలేదు. 2008 జూన్ మధ్యకు 34 గెలుపులు, 35 ఓటములు. వేటు పడుతుందని వారాల తరబడి పుకార్లు.

అయినా జట్టుతో పాటు ఆయన్ను న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకు పంపారు. జూన్ 16న అక్కడి ఏంజెల్స్ జట్టుపై 9-6తో గెలిచారు. ఆ అర్ధరాత్రే హోటల్లో జట్టు కూర్పు, నియామకాలు చూసే జనరల్ మేనేజర్ ఒమర్ మినాయా విషయం చెప్పారు. ప్రకటన వెలువడేసరికి న్యూయార్క్‌లో తెల్లవారుజాము 3 దాటింది. ఊరంతా నిద్రలో ఉంది!

నిర్ణయం జరిగాక, వార్త బయటికి పొక్కకముందే తానే చెప్పాలన్నది మినాయా వాదన. నాకైతే అది సరిపోదు. మార్చాలనుకుంటే విమానం ఎక్కించకముందే చెప్పాల్సింది. తర్వాత పగ్గాలు జెర్రీ మాన్యువల్‌కు వెళ్లాయి. జట్టు 89 మ్యాచ్‌లు గెలిచినా, చివరి రోజు ఓడి మళ్లీ ప్లేఆఫ్స్‌కు దూరమైంది.