మాటలు వచ్చేదాకా తట్టు సూది ఆపవచ్చా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిది నెలలు నిండాయి. తట్టు, రుబెల్లా సూది వేయించమని ఆశా కార్యకర్త రెండుసార్లు ఇంటికి వచ్చి చెప్పారు. ఈలోగా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఆ సూదివల్ల ఆటిజం (మాటలు, నలుగురితో కలవడం కష్టమయ్యే ఎదుగుదల సమస్య) వస్తుందని, మగపిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదని అందులో చెప్పారు. మా ఆడపడుచు కొడుక్కి రెండున్నరేళ్లు. ఏడాదిన్నర సూది తర్వాతే వాడికి మాటలు ఆగిపోయాయని ఆవిడ గట్టిగా నమ్ముతున్నారు. పొంగు ఒకసారి వచ్చిపోతే ఒళ్లు గట్టిపడుతుందని మా అత్తగారు అంటున్నారు. మూడున్నర నెలల సూదికి బాబుకు రెండు రోజులు జ్వరం వచ్చి తొడ వాచింది. అదీ భయంగానే ఉంది. రెండేళ్లు నిండి మాటలు వచ్చాక వేయించవచ్చా?
– ఒక తల్లి (పేరు, ఊరు రాయవద్దని కోరారు)

జవాబు: ఆపవద్దమ్మా. ఈ వారమే వేయించండి. ఇంట్లో నలుగురికీ సమాధానం చెప్పుకోవాల్సింది మీరే కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ఆడపడుచుగారి సంగతి. వీడియోకన్నా ఆవిడ మాటే మీ మనసులో ఎక్కువ నాటుకుని ఉంటుంది. ఆవిడ చూసింది చూసినట్టే చెబుతున్నారు, అందులో సందేహం లేదు. మన దేశంలో తట్టు సూది రెండో మోతాదు వేసేది 16 నుంచి 24 నెలల మధ్య. పిల్లలకు మాటలు కూడే వయసూ అదే, ఆటిజం ఉంటే పెద్దలు గుర్తుపట్టే వయసూ అదే. కొందరు పిల్లల్లో అప్పటిదాకా వచ్చిన నాలుగు మాటలూ ఆ నెలల్లోనే పోతాయి. సూది వేయించుకోని పిల్లల్లోనూ ఇలాగే జరుగుతుంది. ఆ వయసులో ఏం జరిగినా, వెనక్కి తిరిగి చూసే తల్లికి ఏదో ఒక సూది కనబడుతుంది. ఆటిజం ఉన్నట్టు తర్వాత తేలిన పిల్లల మొదటి పుట్టినరోజు వీడియోలను పరిశోధకులు వెతికి చూశారు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ముఖంలోకి చూడకపోవడం వంటి గుర్తులు చాలామందిలో అప్పటికే ఉన్నాయి.

మరి ఈ భయం ఎక్కడ పుట్టింది? 1998లో బ్రిటన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు కేవలం 12 మంది పిల్లల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రచురించి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా మీద అనుమానం లేవనెత్తాడు. టీకా కంపెనీల మీద దావాకు సిద్ధమవుతున్న న్యాయవాదుల నుంచి అతడు డబ్బు తీసుకున్నట్టు తర్వాత బయటపడింది. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది అతడి పేరును వైద్యుల జాబితా నుంచి కొట్టేశారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. సూది వేయించుకున్నవారిలో ఆటిజం ఎక్కువేమీ కాదు. తోబుట్టువుకు ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా అంతే.

ఆ వ్యాసం చేసిన హాని మాత్రం అంత తొందరగా పోలేదు. బ్రిటన్‌లోనే వేల్స్‌లోని స్వాన్సీ ప్రాంతంలో 2012 చివర మొదలైన తట్టు 1,200 మందికి పైగా సోకింది. వారిలో చాలామంది బడి వయసు పిల్లలు. పసితనంలో, ఆ భయం నడిచిన రోజుల్లో, సూది తప్పిపోయినవారు. తల్లిదండ్రులు ‘తర్వాత చూద్దాం’ అనుకున్నదానికి పదేళ్లు దాటాక పిల్లలు మంచం పట్టారు.

సంతానం కలగదన్న మాట కూడా కొత్తది కాదు. 2017లో మన దేశంలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనప్పుడూ ఇదే ప్రచారం ఫోన్లలో తిరిగింది. తట్టు టీకా మాత్రం 1985 నుంచి సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఉంది. మీ పుట్టింట్లో పాత కార్డు ఉంటే చూడండి, బహుశా మీకూ వేయించి ఉంటారు. మీ ఒళ్లో బాబు ఉన్నాడు. ఇక రుబెల్లా సోకితే ముప్పంతా గర్భిణి కడుపులోని బిడ్డకే. గుండెలో రంధ్రం, కంటి శుక్లం, చెవుడుతో బిడ్డ పుట్టే ప్రమాదం ఉంది. ఆ ముప్పును తప్పించే సూదినే సంతానానికి శత్రువని ప్రచారం చేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అత్తగారితో ఈ మాట మెల్లగా చెప్పండి. ఆవిడ కాలంలో తట్టు రాని ఇల్లు అరుదు. బతికి బయటపడ్డ పిల్లలే కళ్లముందు పెరిగారు కాబట్టి అలా అనిపించడం సహజం. తట్టు ఒంటిని గట్టిపరచదు. అంతకుముందు ఇతర రోగాల మీద శరీరం సంపాదించుకున్న రక్షణను కూడా కొంతవరకు, కొందరిలో చాలావరకు చెరిపేస్తుంది. అందుకే తట్టు తగ్గిన పిల్లలు నెలల తరబడి న్యుమోనియాతో, విరేచనాలతో మళ్లీ మళ్లీ జబ్బుపడతారు. వెయ్యి మందిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది. అరుదుగా కొందరిలో, ముఖ్యంగా రెండేళ్లలోపు తట్టు సోకినవారిలో, ఏడెనిమిదేళ్ల తర్వాత మెదడు క్రమంగా దెబ్బతింటుంది. దానికి నయం చేసే మందు లేదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ తొమ్మిది నెలలకు దాదాపు కరిగిపోతుంది. రెండేళ్లదాకా ఆగడమంటే సరిగ్గా ఆ ప్రమాదకరమైన రోజుల్లో బాబును ఏ అడ్డూ లేకుండా ఉంచడమే. తట్టు ఉన్న పిల్లవాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు వైరస్ గాలిలో ఉంటుంది.

జ్వరం గురించి ముందే చెప్పకపోవడం మా వైద్య సిబ్బంది తప్పు. సూది వేసి, కార్డులో రాసి పంపేస్తే తల్లి రాత్రంతా భయంతో కూర్చుంటుంది. మూడున్నర నెలలకు వచ్చిన జ్వరం, వాపు ఆ సూదికి మామూలే. ఈసారి తీరు వేరుగా ఉంటుంది. తట్టు సూది జ్వరం వస్తే వారం పది రోజులకు వస్తుంది, ఒంటి మీద పల్చని దద్దుర్లు కనబడవచ్చు, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. పారాసిటమాల్‌ను బాబు బరువును బట్టి డాక్టరు రాసిన మోతాదులోనే ఇవ్వండి. చుక్కల మందు, సిరప్ ఒకే గాఢతలో ఉండవు, ఒకదాని కొలతతో మరొకటి పోయవద్దు. ఫిట్స్ వచ్చినా, పాలు మానేసి మగతగా పడి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా సూది వేయించవచ్చు. తీవ్రమైన జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగాలి. పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్నా, క్యాన్సర్ చికిత్స జరుగుతున్నా, ఇంతకుముందు ఏ సూదికైనా ఊపిరాడని అలర్జీ వచ్చినా ముందు డాక్టరుకు చెప్పాలి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. అదే రోజు న్యుమోనియా టీకా బూస్టరు, పోలియో సూది, విటమిన్ ఎ ద్రావణం కూడా ఇస్తారు. ఒకేసారి ఇన్నా అని కంగారు పడవద్దు. వేయించాక అరగంట అక్కడే కూర్చోండి.

చివరగా మీ ఆడపడుచుగారి బాబు. రెండున్నరేళ్లకు మాటలు లేవంటే వెంటనే వినికిడి పరీక్ష చేయించాలి, పిల్లల డాక్టరు ఎదుగుదలను పరీక్షించాలి. జిల్లా స్థాయిలో ప్రభుత్వ సత్వర చికిత్స కేంద్రాల్లో ఇవి ఉచితం. స్పీచ్ థెరపీ ఎంత తొందరగా మొదలైతే ఫలితం అంత బాగుంటుంది. అంతా సూది వల్లే అనుకుని కూర్చుంటే ఆ పిల్లవాడి విలువైన నెలలు గడిచిపోతాయి. మీరు బాబుకు సూది వేయించడానికి వెళ్లే రోజు వాడినీ, ఆవిడనూ వెంట తీసుకెళ్లి, అక్కడి ఏఎన్ఎంను ఆ కేంద్రం చిరునామా అడగండి.