1942లో మద్రాసు జూలోని పులులను, సింహాలను నిజంగానే కాల్చి చంపారా?

నిజమే, మీరు విన్నది పుకారు కాదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు అన్నింటినీ కాల్చి చంపారు. తుపాకులు పట్టింది మలబార్ స్పెషల్ పోలీసులు. మా ఇంట్లో ఇది తరచూ వచ్చే కథ కాబట్టి రాస్తున్నాను.

అప్పటి జూ ఇప్పటిలా నగర శివార్లలోని వండలూరులో లేదు. సెంట్రల్ స్టేషన్ పక్కన, మూర్ మార్కెట్ దగ్గర, పీపుల్స్ పార్కులో ఉండేది. మద్రాసు జనం మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జూను బతికిన కాలేజీ అనీ పిలిచేవారు. మా వాళ్లు దగ్గర్లోనే చూళైలో ఉండేవారు. తెల్లవారుజామున నాయనమ్మ పొయ్యి రాజేసే వేళకు సింహం గర్జన వినిపించేదట. నాన్నకు అప్పుడు పదేళ్లు. ఆ గర్జనతోనే నిద్ర లేచేవాడినని చెప్పేవారు.

ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తర్వాతి వంతు మద్రాసుదేనని అందరూ హడలిపోయారు. 1914లో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద కురిపించిన గుండ్లు పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలాయి. నాయనమ్మ పిల్లలను వెంటబెట్టుకుని చిత్తూరు దగ్గరున్న పుట్టింటికి వెళ్లిపోయింది. బాంబు పడి బోను విరిగితే మృగాలు వీధుల్లోకి వస్తాయన్న భయమే ఆ కాల్పులకు కారణం.

కొన్ని నెలలకు తిరిగొచ్చాక, మొదటి రోజు చీకటితోనే నాన్న మేలుకుని చెవులు రిక్కించి పడుకున్నారట. ట్రాము చప్పుడు వినిపించింది, పాలవాడి కేక వినిపించింది. "అమ్మా, సింహం ఇంకా లేవలేదా?" అని అడిగితే, నాయనమ్మ బదులు చెప్పకుండా పొయ్యి ఊదుకుంటూ కూర్చుందట.

జపాన్ సైన్యం మద్రాసులో దిగనే లేదు. 1943 అక్టోబరులో ఒకే ఒక్క విమానం వచ్చి బాంబులు వేసి పోయింది. అంతకు రెండు నెలల ముందు టోక్యోలోనూ ఇదే జరిగిందని చదివినప్పుడు నా మనసు కలిచివేసినట్లయింది. బాంబులు పడతాయన్న భయంతోనే అక్కడి ఉయెనో జూలో క్రూరమృగాలను చంపించారు. ఏనుగులు విషం కలిపిన దుంపలను ముట్టకపోవడంతో వాటిని పస్తులుంచారు. మనుషులు కనబడితే చాలు, తిండి పెడతారన్న ఆశతో అవి నేర్చుకున్న విన్యాసాలన్నీ చేసి చూపించేవి. చివరి ఏనుగు టోంకీ సెప్టెంబరు 23న చనిపోయింది. యుద్ధం ముగిశాక, 1949లో, అక్కడి పిల్లలు కోరితే నెహ్రూ ఇందిర అనే ఏనుగును పంపించారు.

లండన్ జూ వాళ్లు 1939లో విషసర్పాలను చంపినా, పాండాల వంటి వాటిని పల్లెప్రాంతంలో ఉన్న తమ విప్స్‌నేడ్ జూకు తరలించారు. మద్రాసులో మనుషులకే రైళ్లు చాలని రోజులవి, ఒప్పుకుంటాను. అయినా ఆ తొందరను నేను సమర్థించలేను.

1970లలో నాన్న నన్ను ఆ జూకే తీసుకెళ్లారు. అప్పుడున్నవి యుద్ధం తర్వాత వచ్చిన సింహాలు. ఏనుగు దగ్గరికి పోదామని నేను చెయ్యి పట్టి లాగుతున్నా, బోను ముందున్న కమ్మీ మీద చెయ్యి వేసి ఆయన కదలకుండా నిలబడ్డారు. సింహం ఒక్కసారి గర్జించేదాకా అక్కడే ఉన్నారు.