చక్రి మీద నీవు రాసిన వ్యాసం గురించి

హనుమకొండ

తమ్ముడూ,

సంగీత దర్శకుడు చక్రి మీద నీవు రాసి పంపిన వ్యాసం చదివాను. మొదటి మూడు పుటలు చదువుతున్నంతసేపు నాకు కోపమే వచ్చింది. మానుకోట (మహబూబాబాద్) పక్కన కంబాలపల్లిలో 1974లో పుట్టాడు, 2000లో ‘బాచి’తో సినిమాల్లోకి వచ్చాడు, ‘సింహా’ సంగీతానికి నంది పురస్కారం అందుకున్నాడు, 2014 డిసెంబరు 15న 40 ఏళ్ల వయసులోనే గుండెపోటుతో పోయాడు. ఇవన్నీ నిజాలే. కానీ వీటిని చెప్పడానికి నీవే పూనుకోనక్కరలేదు, ఎవరైనా చెప్పగలరు. వాటి మధ్య నీవు అతికించిన ‘తీరని లోటు’, ‘మూగబోయిన స్వరం’, ‘సంగీతాకాశంలో ధ్రువతార’ అన్న మాటలు ఏ కళాకారుడు పోయినా మరునాటి పత్రికల్లో కనిపించేవే. అయితే నాలుగో పుట చివర ఒక వాక్యం ఉంది: ‘ఆ రోజు మా అన్న మానుకోట నుంచి తొర్రూరు దాకా ఆటోలో పాట పెట్టలేదు, ఎక్కినవాళ్లు కూడా పెట్టమని అడగలేదు.’ ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది లేకపోతే ఈ ఉత్తరం రాసి ఉండేదాన్ని కాదు.

మన ఊళ్లలో చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లు శోకం పెట్టి ఏడవడం నీవు వినే ఉంటావు. ఈసారి విన్నప్పుడు రచయితగా విను. అన్న పోయిన చెల్లెలు ‘మా అన్న మహానుభావుడు’ అని ఏడవదు. ‘బతుకమ్మ పండుగకు నన్ను తోలుకపోను వస్తివి గద అన్నా, ఇగ నాకు తల్లిగారిల్లు యాడిది’ అని ఏడుస్తుంది. అందులో ఒక్క విశేషణం ఉండదు. పోయినవాడు చేసిన పని ఉంటుంది, ఆ పని ఇక జరగదన్న ఎరుక ఉంటుంది, ఆ రెండింటి మధ్య వినేవాళ్ల గుండె చెరువవుతుంది. స్మృతి రచన అంటే ఇదేనని నేను జీవితమంతా నమ్మాను. ఎలిజీ, అంటే పోయినవారి మీద శోకగీతం, రాయడం ఎక్కడ నేర్చుకోవాలని నన్ను అడిగిన ప్రతి ఒక్కరికీ ఇదే చెప్పాను, చాలామంది నన్ను పాతకాలపు మనిషినని పక్కన పెట్టారు. అయినా నా మాట మార్చుకోను.

ఎన్నడూ కలవని మనిషి కోసం కన్నీళ్లు పెట్టుకోవడం తగునా అని నీవు అడిగావు. తగును. ఆయన నీకు తెలియకపోవచ్చు, కానీ ఆయన బాణీ నీకు చేసిన పని నీకు తెలుసు. దాన్ని రాయి. 2002లో ‘ఇడియట్’ పాటలు ఊరూరా మోగుతున్నప్పుడు నీవు ఇంటర్ చదువుతున్నానన్నావు. ఆ రోజుల్లో రికార్డింగ్ సెంటర్‌కు కాగితం మీద పాటల పేర్లు రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్‌లో నింపి ఇచ్చేవారు. నీ కాగితంలో మొదటి పాట ఏది? అన్న ఏది రాయించాడు? ఆ క్యాసెట్ కోసం ఇద్దరూ పోట్లాడుకున్నారా? గోడ మీది పోస్టరులో ‘సంగీతం: చక్రి’ అని చదివి, ఈయన మన పక్క ఊరివాడే అని తెలిసిన రోజున మీ ఇద్దరిలో ఏం మారింది? దీన్ని వదిలేసి ‘ఓరుగల్లు ముద్దుబిడ్డ’ అని రాశావు. ఆ బిరుదు ఎవరికైనా సరిపోతుంది, పోస్టరు ముందు నిలబడిన ఆ ఇద్దరు పిల్లలు మాత్రం నీ దగ్గర తప్ప మరెక్కడా దొరకరు.

‘జగమంత కుటుంబం’ పాటను నీవు చక్రి ఒక్కడి సొత్తుగా రాశావు. 2005లో ‘చక్రం’ కోసం ఆ పాటను సిరివెన్నెల రాశారు, చక్రి బాణీ కట్టాడు, తాను కూడా సంగీత దర్శకుడే అయిన శ్రీ పాడాడు. చక్రి పోయిన కొద్ది నెలలకే, 2015 ఏప్రిల్‌లో శ్రీ పోయాడు. 2021 నవంబరు 30న సిరివెన్నెల పోయారు. ఆ పాట ఎక్కడైనా వినిపించినప్పుడు, దాన్ని చేసిన ఈ ముగ్గురిలో ఒక్కరూ లేరన్న సంగతి గుర్తుకొచ్చి నాకు ఊపిరి బరువవుతుంది. ఇది నీ వ్యాసంలో తప్పకుండా ఉండవలసిన విషయం. ఒక సంగీత దర్శకుడి కోసం దుఃఖపడటమంటే అతని బాణీలో కలిసిన గొంతులనూ, అక్షరాలనూ కలిపి తలచుకోవడం. చక్రి కొత్త గొంతులకు చోటిచ్చినవాడు కాబట్టి ఆ బాధ్యత ఇంకా ఎక్కువ.

నేను రాయడం మొదలుపెట్టిన కాలంలో, మన వరంగల్లు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు పాడే ఒక గాయకుడు పోతే, ఆయన మీద ఒక చిన్న రచన చేశాను. కచేరీ అయ్యాక ఆయన మైకు వైరును తానే మోచేతికి చుట్టుకొని, పెళ్లివారు పెట్టిన భోజనంలో లడ్డూలు మాత్రం తినకుండా పిల్లల కోసం కాగితంలో కట్టుకొని పోయేవాడని రాశాను. ఒక ఆదివారం అనుబంధం సంపాదకుడు ఆ రెండు సంగతులనూ కొట్టేసి, ‘మూగబోయిన కోయిల’ అని శీర్షిక పెట్టి అచ్చు వేశాడు. అడిగితే, మైకు వైరు సాహిత్యం కాదన్నాడు. ఆయన భార్య ఆ పత్రికను తెప్పించుకొని చదివించుకుందని, ‘ఇందులో మా ఆయన ఏడి’ అని అడిగిందని తరువాత తెలిసింది. ఆ మాట నా చెవిన పడ్డ తరువాత కొన్నేళ్లపాటు పత్రికలకు ఏదీ పంపలేకపోయాను. పాఠశాల వదిలాక రాత్రిళ్లు నోటు పుస్తకాల్లో రాసుకొని పెట్టెలో పెట్టుకున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, ఎందుకంటే అదే కత్తెర ఇప్పటికీ పని చేస్తూనే ఉంది. 2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం పోయిన సాయంత్రానికే వచ్చిన నివాళుల్లో పేరు మారిస్తే మరొకరికి సరిపోనివి ఎన్ని ఉన్నాయో నీవే వెతికి చూడు. పైగా ఇప్పుడు మరో వేలం వెర్రి వచ్చింది: పోయినవారితో దిగిన ఫోటో పెట్టి, వారు తనను ఎంత మెచ్చుకున్నారో రాసుకోవడం. చెల్లెలి శోకంలో కూడా ‘నేను’ ఉంటుంది, కానీ అది పోగొట్టుకున్న ‘నేను’.

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరిచేత రాయించాలి అన్న ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయను. మొదటి మూడు పుటలు తీసేయి. అన్న ఆటోతో మొదలుపెట్టు. ఆ రోజు పాట ఎందుకు పెట్టలేదో అన్నను అడిగావా? వ్యాసంలో ఆ సమాధానం లేదు. అడుగు, ఆయన చెప్పిన తీరులోనే, మానుకోట మాటలోనే రాయి, దాన్ని గ్రాంథికం చేయవద్దు. ఆయన చెప్పకపోతే చెప్పలేదనే రాయి.

డిసెంబరు 15 వర్ధంతికి అచ్చులో రావాలని తొందరపడుతున్నావు. ఆ తేదీ దాటితే సంపాదకులు ముట్టుకోరని నీ భయం. ముట్టుకోని సంపాదకుడికి పంపవద్దు. అన్నతో మాట్లాడటానికే నెల పడితే పట్టనీ, సంక్రాంతి దాటాక పంపినా నేను చదువుతాను.

నీ అక్క